రెండంతస్తుల మధ్య

కేటీ ఊరి లైబ్రరీలో గురువారం సాయంత్రాలు
పదకొండు మడత కుర్చీలు వేయడం నా పని.
పదకొండోది ఎప్పుడూ ఖాళీయే.
తీసేద్దామంటే యూబిరీ ఒప్పుకోదు,
"ఎవరైనా కొత్తగా దిగుతారేమో" అంటుంది,
ఇదేదో విమానాశ్రయమైనట్టు.

బయట టెక్సస్ వాన.
లోపల వాళ్ళ స్పానిష్. ముప్పాతిక నాకు అందుతుంది,
మిగతా పావు వాళ్ళ చేతుల్ని చూసి పూరించుకుంటాను.

ఈ నెల నవల లావుది.
పద్దెనిమిది అంతస్తుల భవనం, ఒక్కటే లిఫ్టు.
మొదటి పేజీలో చమురు డబ్బు వాసన,
ఇత్తడి మీటలు, నిలువుటద్దం, అద్దంలో
కొత్త బూట్లు చూసుకుంటున్న ఒక పిల్లాడు.
నూట పన్నెండో పేజీలో తాడు తెగుతుంది.
దేశం పేరు ఎక్కడా రాయలేదు రచయిత్రి.
నీళ్ళ బకెట్టుతో ముసలమ్మ
మెట్లు లెక్కపెట్టిన చోటల్లా
పదిమందీ తలలు వంచుకున్నారు, పేరు పెట్టి పిలిచినట్టు.

విల్మర్ లేచాడు.
"మన పతనాన్ని అమ్ముకుంటున్నారు వీళ్ళు,
సముద్రానికి అవతల అచ్చేసి, బహుమతులు పుచ్చుకుని.
కూలితేనే మనం కథ.
నిలబడి ఉన్నప్పుడు ఎవడు చదివాడు మనల్ని?"
ఓతీలియా అంది, "నిలబడ్డామా? ఎప్పుడు?"
ఆ మాట మీద కాఫీ చల్లారిపోయింది.

ఎలెయుతేరియో అప్పటిదాకా నోరు విప్పలేదు.
మరకాయిబోలో ఇరవై ఆరేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడు,
ఇప్పుడు మేసన్ రోడ్డు కిరాణాలో
రాత్రిళ్ళు అరలు సర్దుతాడు.
"తప్పు" అన్నాడు. రాజకీయం కాదు, తాళ్ళ లెక్క.
"తాడు ఒకటుండదు. ఆరుంటాయి.
ఆరూ తెగినా గది పడదు.
పట్టాల్ని కరుచుకునే దవడలుంటాయి కింద."
జేబులోంచి పెన్సిల్ తీసి
లైబ్రరీ పుస్తకం అంచులోనే గీశాడు:
దవడలు, పట్టాలు, మధ్యలో పెట్టెలాంటి గది.
"పడలేదు. ఆవిడ అబద్ధం రాసింది.
రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.
లోపల మనుషులున్నారు.
వాళ్ళకి పై గడప సగం కనిపిస్తుంది,
కింది గడప సగం.
అప్పుడు దూకకూడదు.
మాకు మొదటి రోజు నేర్పేది అదే."

కాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
"నేను దూకాను" అన్నాడు,
పెన్సిల్ జేబులో పెట్టుకుంటూ.

కుర్చీలు మడుస్తుంటే సాయం వచ్చి అడిగాడు,
మీది ఇండియాలో ఎక్కడ అని.
కూనవరం అన్నాను. శబరి వచ్చి గోదాట్లో కలిసేచోటు.
ఏ రాష్ట్రం అంటే చెప్పడానికి టైం పట్టింది.
నేను పుట్టినప్పుడు ఖమ్మం జిల్లా మాది.
రాష్ట్రం రెండైన ఏడాది మా మండలాన్ని అటు కలిపారు,
తూర్పు గోదావరి అన్నారు. మొన్న ఇంకో జిల్లా, ఇంకో పేరు.
రేపు డ్యాం నిండితే ఏ పేరూ అక్కర్లేదు.
మా నాయనమ్మ అరుగు దిగకుండానే
మూడు చిరునామాలు మారాయి.
పడవ కదిలిందో, ఒడ్డు కదిలిందో
మాకూ సరిగ్గా తెలీదు అన్నాను,
స్పానిష్‌లో ఒడ్డు అనే మాట తట్టక
టేబుల్ అంచు చూపించి.
అతను ఆ అంచు మీద అరచెయ్యి పెట్టి
గట్టిగా ఒకసారి నొక్కాడు,
ఊగుతుందేమో చూసినట్టు.

తొమ్మిదింటికి అందరూ వెళ్ళాక
పుస్తకాన్ని కంప్యూటర్‌కి చూపించాను.
ఎలా ఉంది అని అడిగింది తెర.
పాడైంది, పోయింది, చెలామణిలో ఉంది:
మూడింట్లో ఒకటి నొక్కాలి.
నూట పన్నెండో పేజీ తెరిచి రబ్బరు తీసుకున్నాను.
రూలు ప్రకారం చెరిపెయ్యాలి.
గది అడుగున, నేనిందాక గమనించలేదు,
చీమంత మనుషుల్ని గీశాడు. లెక్కపెట్టాను.
పదకొండు మంది.

రబ్బరు సొరుగులో పడేశాను.
తర్వాతి వరసలో యూబిరీ పేరుంది.
దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చి
మెట్లమీదుగానే దిగాను,
లిఫ్టు పనిచేస్తున్నా.